ఆయన బిగించిన సిలిండర్

మా ఆయన పోయిన రోజు పొద్దున చేసిన చివరి పని గ్యాస్ సిలిండర్ మార్చడం. రెగ్యులేటర్ బిగించి, సబ్బు నురగ రాసి, బుడగలేమైనా వస్తున్నాయేమో చూడమని నన్ను పిలిచారు. ప్రతిసారీ అంతే. ఇన్నేళ్లుగా రాని బుడగలు ఇవాళేం వస్తాయని విసుక్కున్నాను. వెళ్లి చూడలేదు. మధ్యాహ్నానికి ఆయన లేరు.

కర్మకాండల వంటంతా కింద పార్కింగులో వంటవాళ్లు చేశారు. పదమూడో రోజుకి చుట్టాలు వెళ్లిపోతూ, ఇక పొయ్యి వెలిగించుకోమని చెప్పారు. నేను వెలిగించలేదు. ఆయన చేత్తో చేసిన పని అదొక్కటే ఖర్చు కాకుండా మిగిలింది. అయిపోతుందని భయం. భయం అని ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు ఏమీ అనిపించేది కాదు. చిక్కడపల్లిలో మా ఇంటి ముందు రోజంతా హారన్లే. అవి కూడా వినిపించేవి కావు.

పై పోర్షన్‌లో ఇద్దరమ్మాయిలు కిరాయికి ఉండేవారు. ఊళ్ల నుంచి వచ్చి సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుతున్నారు. రోజూ మధ్యాహ్నం చిన్నమ్మాయి అశోక్‌నగర్ మెస్ నుంచి పార్సిల్ తెచ్చి నా ముందు విప్పేది. "జర తినుండ్రి ఆంటీ" అంటూ తినేదాకా కూర్చునేది. అన్నం పొగ వాసన వేసేది. ఎందుకని అడగలేదు. పెట్టింది తినేదాన్ని, అంతే.

ఒకరోజు ఆ పిల్ల ఫోన్ మరిచిపోయి వెళితే ఇద్దామని మేడెక్కాను. తలుపు తీసే ఉంది. పుస్తకాలు పక్కకు నెట్టి, మధ్యలో ఒకే ఒక్క పార్సిల్ విప్పుకుని ఇద్దరూ తింటున్నారు. మూలన వాళ్ల ఖాళీ సిలిండర్ పడుకోబెట్టి ఉంది.

"ఇదేంటమ్మా, ఇద్దరికీ ఒక్కటే తెచ్చుకున్నారు?"

పెద్దమ్మాయి చెప్పింది. "గ్యాస్ యాడ దొర్కుతలేదు ఆంటీ. బుక్ చేసి నెల దాటింది. మెస్సోళ్లు కట్టెల మీద వండుతున్రు, మనిషికి ఒక్కటే పార్సిల్ ఇస్తున్రు. నారాయణగూడ అంత తిరిగినం, కరెంటు పొయ్యిలు గూడ లెవ్వంట."

ఇద్దరికీ రెండు. అందులో ఒకటి రోజూ నాకు.

ఒళ్లు మండింది. "నా వంటింట్లో నిండు సిలిండర్ ఉందని తెలుసు కదా. ఒక్క మాట అడగడానికి నోరు రాలేదా?"

ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. "అంకుల్ చేతులతోని బిగిచ్చింది, అట్లనే ఉండాలె అని మీరే అంటుంటరు కద ఆంటీ" అంది చిన్నమ్మాయి.

అలా అన్నట్టు నాకు గుర్తే లేదు. ఎన్నిసార్లు అన్నానో.

ఇద్దరినీ కిందికి లాక్కొచ్చాను. రెగ్యులేటర్ తిప్పి లైటర్ నొక్కితే రెండుసార్లు అంటుకోలేదు. మూడోసారి అంటుకుంది. అన్నం, పప్పు వండాను. అన్ని రోజుల్లో మొదటిసారి ఆకలేసింది. ఆకలేసినందుకు సిగ్గేసింది. అప్పటిదాకా రాని ఏడుపు కంచం ముందు వచ్చింది. పిల్లలు తినడం ఆపలేదు. పాపం, వాళ్లెంత ఆకలి మీద ఉన్నారో.

ఆ రోజు నుంచి ముగ్గురికీ ఒకటే పొయ్యి. ఓ పొద్దున పాల గిన్నె కింద మంట సన్నబడి ఆరిపోయింది. అప్పటికి సిలిండర్లు మళ్లీ వస్తున్నాయి, కొత్తది గుమ్మంలో ఉంది. రెగ్యులేటర్ ఊడదీయడం నాకు రాదని అప్పుడు తెలిసింది. ఎప్పుడూ ఆయనే తీసేవారు. చిన్నమ్మాయి వచ్చి, "ఆ నల్ల రింగు మీదికి గుంజున్రి" అని చూపించి, చదువుకోవడానికి వెళ్లిపోయింది. గుంజాను. ఊడి చేతిలోకి వచ్చింది.

కొత్తదానికి బిగించాను. సబ్బు నురగ రాశాను. చూడమని ఆ పిల్లను మళ్లీ పిలిచాను.

"గిప్పుడేం వస్తయి ఆంటీ బుడగలు" అని పైనుంచే విసుక్కుంది. కానీ దిగి వచ్చింది. వంగి చూసింది.