బొట్టు పెట్టిన టేపులు

నల్లగొండలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో కంప్యూటర్లు చూసే ఉద్యోగం నాది. తెలంగాణ వచ్చిన కొత్తల్లో చేరాను. ఫిలిములు ఇవ్వడం మానేసి ఎక్స్‌రేలన్నీ సర్వర్లోనే దాచడం నా చేతుల మీదుగానే మొదలైంది. ఆ సర్వర్లో లైనక్స్ ఎక్కించేటప్పుడు డిస్కును రెండు భాగాలు చేశాను. ఒకదాంట్లో సిస్టమ్, ఇంకోదాంట్లో ఎక్స్‌రేలు. ఎక్స్‌రేలతో నిండిపోయినా సిస్టమ్ ఆగకూడదని. నా తెలివికి నేనే మురిసిపోయాను.

డిస్కు పోయినా పనికొస్తుందని ప్రతి శనివారం సర్వర్లో ఉన్నదంతా టేపు మీదికి నకలు తీసేవాణ్ణి. అంతా బాగానే జరిగిందని తెర మీద రాగానే టేపు మీద తారీఖు రాసి బీరువాలో పెట్టేవాణ్ణి. దసరాకు స్టాఫంతా కలిసి ఎక్స్‌రే మిషన్‌కూ, టేపు డ్రైవుకూ, ఆ టేపుల డబ్బాలకూ పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టేవాళ్లం. బొట్టు మరిచిన ఏడాది లేదు. ఒక్క టేపునైనా తిరిగి చదివించి చూసిన ఏడాదీ లేదు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఒక ఎండాకాలం డిస్కు పోయింది. ఫికర్ లేదు, టేపులున్నాయని డాక్టరుగారికి ధీమాగా చెప్పాను. కొత్త డిస్కు పెట్టి టేపు ఎక్కిస్తే సిస్టమ్ వచ్చింది, ఎక్స్‌రేల భాగం ఖాళీ. ఇంకో టేపు పెట్టాను. అదీ అంతే. బీరువా మొత్తం అంతే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు, నకలు తీయమని సర్వర్‌కు నేను రాసిచ్చిన కమాండు చదివాను. సిస్టమ్ ఉన్న ఈ ఒక్క భాగంలోనే ఉండు, పక్కదాంట్లోకి పోకు అని నేనే రాసిపెట్టాను. అది చెప్పింది చెప్పినట్టు చేసింది. దాన్ని తిట్టడానికి కూడా లేదు.

ఆ వారమే మర్రిగూడ నుంచి ఒక అవ్వ వచ్చింది. ఫ్లోరైడు నీళ్లకు నడుము వంగిపోయింది. ఆరేళ్ల కింద మా దగ్గర మొదటిసారి ఎక్స్‌రే తీసినప్పుడు కర్ర లేకుండా నడిచేది. ఆపరేషన్ చేయాలో వద్దో తేల్చడానికి హైదరాబాద్ డాక్టర్లు ఆ పాతవి తెమ్మన్నారట. వంపు ఎంత తొందరగా ముదురుతోందో వాటితో పోల్చి చూడాలట.

లేవని చెప్పాను.

"గదేంది బిడ్డా, మిషన్ల పదిలంగ ఉంటయంటివి?"

తప్పు నాదేనన్నాను. మళ్లీ మళ్లీ అదే అన్నాను. ఆమె పసిపిల్లవాణ్ణి సముదాయించినట్టు అంది.

"జర ఊకో. మల్ల తీయి. నా బొక్కలు నా తాననే ఉన్నయ్ గద."

మళ్లీ తీశాం. వంగిన వెన్నెముక తెర మీదికి వచ్చింది. ఆమె నిటారుగా నిలబడ్డప్పటి వెన్నును నేను మళ్లీ ఎక్కడినుంచి తీయను?