పొలిమేర కట్టిన రోజు

దయ్యాలను, గాలీధూళీని నేనెన్నడూ నమ్మలేదు. నా మాటల్లో పావు వంతే నిజమని మావాళ్లంటారు. ఇది ఆ పావు వంతులోది.

రెండు వేల ఆరో, ఏడో. సౌదీలో ఉనైజా దగ్గర ఖర్జూరం తోటలో పని. నా గదిలో పోశన్న ఉండేవాడు, మా పక్క ఊరివాడు. ఆరేళ్లకు అతనికి ఎగ్జిట్, అంటే దేశం విడిచి ఇంటికి పోయే కాగితం, దొరికింది. దాని గడువు నేను చెప్పే రోజుతో ఆఖరు. సాయంత్రం రియాద్‌లో విమానం ఎక్కకపోతే కాగితాల కోసం మళ్లీ కఫీల్, అంటే తోట యజమాని, చుట్టూ తిరగాలి.

అదే రోజు వాళ్ల ఊళ్లో కొత్త బొడ్రాయి నిలుపుతున్నారు. ఊరి నడుమ రాయి నాటి, పొలిమేర చుట్టూ పొలి అన్నం చల్లి, ఊరు కట్టేస్తారు. పొద్దుగూకేదాకా ఆ ఊరివాళ్లెవరూ గడప దాటినా ఊరు దాటకూడదు.

పొద్దున ఎనిమిదింటికి పికప్ ఎక్కాం. తోట గేటు దగ్గర బండి ఆగిపోయింది. పోశన్న దిగితే స్టార్టయింది. నేనూ, పాకిస్తానీ డ్రైవర్ ఖానూ గేటు దాటి ఒక చక్కర్ కొట్టి వచ్చాం. పోశన్న ఎక్కితే మళ్లీ అక్కడే ఆగింది. నాలుగుసార్లు అంతే.

"గాడీ ఠీక్ హై భాయ్. యే ఆద్మీ ఖరాబ్ హై," అన్నాడు ఖాన్.

నడిచే దాటుతానని పోశన్న బ్యాగు నెత్తికెత్తుకున్నాడు. గేటు దగ్గర మోకాళ్లు మడతపడి కూలబడ్డాడు. పది దాటింది. ఇంకో రెండు గంటల్లో కదలకపోతే విమానం అందదు.

ఇంటికి ఫోన్ చేశాడు. వాళ్లన్న అరుపులు నాకూ వినబడ్డాయి.

"అన్నా, బొడ్రాయికి నా పేరు గిట్ల రాయించినవా?"

"రాయియ్యనా మరి? ఇంటింటికి తలలు లెక్కవెట్టిన్రు. నువ్వు మనింటోనివి కాదా?"

"గా పేరు కొట్టేయించు."

"పిచ్చి లేసిందారా? కొట్టేస్తే మనూరోనివి కాకుంటవ్!"

పోశన్న గేటు అవతలి రోడ్డును చూశాడు.

"కొట్టేయమను," అన్నాడు.

పావుగంటకు అన్న మళ్లీ చేశాడు. కొట్టేశారట. ఖాన్ తాళం తిప్పగానే బండి గేటు దాటింది. సాయంత్రం పోశన్న విమానం ఎక్కాడు.

ఇప్పుడు మా ఊళ్లోనే ఇల్లు కట్టుకున్నాడు. వాగు అవతలే వాళ్ల ఊరు, వాగు నడుమే పొలిమేర. నీళ్లు మోకాలి లోతు కూడా ఉండవు. పండుగలకు వాళ్లన్న పిలవడానికొస్తాడు. పోశన్న చెప్పులు విడిచి వాగులో దిగుతాడు, సగం దాకా పోయి ఆగిపోతాడు. అన్నదమ్ములిద్దరూ నీళ్లలోనే నిలబడి మాట్లాడుకుని, ఎవరి ఒడ్డుకు వాళ్లు పోతారు.

 ఎందుకట్లా ఆగుతాడో నాకు నేటికీ అంతు చిక్కలేదు.