పన్నెండు అడిగితే పదహారు

సాత్తూరు దగ్గరున్న అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో నేను చేరి పద్దెనిమిదేళ్లు దాటింది. మాది కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి ఊరు. వాన పడితేనే పంట. పడని ఏడు ఇంటికొక ఆడమనిషైనా అగ్గిపెట్టెల పని చూసుకోవాల్సిందే. మా అమ్మ చేసింది, ఆమె తర్వాత నేను.

మిషను పుల్లలకు మందు అద్ది, ఆరబెట్టి పంపుతుంది. వాటిని గుప్పెటతో తీసి, తలలన్నీ ఒక్క వైపుకు సర్ది, పెట్టెలో నింపి మూసే పని మాది. చూసేవాళ్లకు సులువుగా ఉంటుంది. చెయ్యి అలిసిందంటే మాత్రం పుల్లలు ఒకదాన్నొకటి రాసుకుని భగ్గుమంటాయి. ఒకసారి సాయంత్రం పూట నా అరచెయ్యి అట్లాగే కాలింది.

కొన్నేళ్ల కిందట మా మొదలాళి కొత్త మిషను తెచ్చినాడు. యజమానిని మేమంతా మొదలాళీ అనే పిలుస్తాం. ఆయనా మాలాగే ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చెడ్డవాడు కాదు. ఎవరింట్లో పెళ్లయినా ముందు వరసలో కూర్చునేవాడు. కొత్త మిషనుతోపాటు విదేశాల నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. సరుకు తూత్తుకుడిలో ఓడెక్కాలి. ఒకరోజు మమ్మల్నందర్నీ పిలిచి, "ఇంకమీద దినానికి పన్నెండు గంటలు చెయ్యాల. కొత్త చట్టం వస్తా ఉండాది, అది ఒప్పుకుంటాది. ఆర్డరు పోతే ఫ్యాక్టరీ ఉండదు," అన్నాడు.

ఫ్యాక్టరీ లేకపోతే వాన పడని ఏడు మాకు తిండే లేదు.

ఢిల్లీలో చేసిన కొత్త కార్మిక చట్టాలకు మా రాష్ట్రంలో రూల్సు ఎట్లా ఉండాలో అప్పట్లో ప్రభుత్వం వాళ్లు అందర్నీ అడుగుతున్నారు. విరుదునగర్‌లో ఒక మీటింగ్ పెట్టి, యజమానులనూ పనివాళ్లనూ రమ్మన్నారు. మా తరఫున ఎవరు పోవాలన్నప్పుడు నా పక్కన కూర్చునే పెద్దావిడ, "ఇదే పోనీ. దీనికి నోరుండాది, పదో తరగతి దాకా చదివుండాది," అంది. అందరూ నవ్వినారు.

ఏం మాట్లాడాలని వారం పాటు ఆలోచించినాను. వద్దంటే ఆర్డరు పోతుంది. సరేనంటే మా చేతులు పోతాయి. చివరికి పెద్దావిడతో ఒక మాట చెప్పినాను. పొద్దున మొదటి గంటలో నేను నింపిన పెట్టెలు పది, సాయంత్రం ఓవర్‌టైంలో నింపినవి పది, సూపర్‌వైజరుకు చెప్పి తీసిపెట్టినాం. రెండు మూటలు కట్టుకుని బస్సెక్కినాను.

మీటింగ్ హాల్లో ముందు వరస అంతా యజమానులే. వాళ్లు మాట్లాడుతుంటే తప్పని కూడా అనిపించలేదు. పోటీ ఉంది, మిషనుకు అప్పుంది, గంటలు పెరగకపోతే ఆర్డర్లు వేరే ఊళ్లకు పోతాయి అన్నారు. నా వంతు వచ్చింది. ఇంక మాటలతో కాదనుకుని నేరుగా మీటింగ్ నడుపుతున్న ఆఫీసరమ్మ టేబుల్ దగ్గరకు పోయి మూటలు విప్పినాను.

"ఇవి పొద్దున నింపినవి, మేడం," అని ఒక పెట్టె తెరిచినాను. తలలన్నీ ఒక్క వైపు, పలకలో దిద్దిన గీతల్లాగా ఉన్నాయి. "ఇవి సాయంత్రం నింపినవి," అని ఇంకోటి తెరిచినాను. తలలు అటూ ఇటూ, మందు లేనివి నాలుగు, విరిగినవి రెండు. "అదే చెయ్యి మేడం. రెండూ నేనే నింపినాను."

వెనక నుంచి మా మొదలాళి తెలుగులో, "ఏమ్మా, ఇంటి గుట్టు ఊరి మధ్యన పెడతావా?" అన్నాడు, మెల్లగానే, కానీ కోపంగా.

నేనూ తెలుగులోనే తిరిగి చెప్పినాను. "గుట్టు కాదు సామీ. సరుకు వెనక్కి తిరిగొస్తే పోయేది మీ పేరే గదా. నన్నొక్క నిమిషం చెప్పనియ్యండి."

ఆఫీసరమ్మకు తెలుగు రాదు. "ఏమంటున్నారు?" అని అడిగింది. ఆయన మాటా నా మాటా రెండూ దాచకుండా నేనే తమిళంలో చెప్పినాను. ఆమె నవ్వు ఆపుకుని, "సరే, చెప్పండి," అంది.

"మిషను అలిసిపోదు మేడం, మనిషి అలిసిపోతుంది. మొదలాళి పన్నెండు గంటలు అడిగినారు. నేను పదహారు ఇస్తాను. పొద్దున అయిదింటికి ఒక జట్టు, మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంకో జట్టు. ఎవరికైనా ఎనిమిది గంటలే. కయత్తారు వైపు ఊళ్లలో పని కోసం చూస్తున్న ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకు పని మేం నేర్పుతాం. వ్యాను పెట్టి ఇంటి దగ్గర దించాలి, అదొక్కటే మేం అడిగేది."

మొదలాళి లేచి నిలబడినాడు. తిడతాడనుకున్నాను. ఆయన తిట్టలేదు. "వ్యాను నాకుండాది. నేర్పేదానికి ఎన్ని దినాలు పడతాది?" అన్నాడు.

"పది దినాలు సామీ."

"ఒక నెల చూస్తా."

ఆ నెల మేం పడ్డ పాట్లు మాకే తెలుసు. కొత్తవాళ్లు పుల్లలు నేలపాలు చేసినారు, ఒకామె మూడోరోజే ఏడ్చి ఇంటికి పోయింది. పెద్దావిడ వ్యానెక్కి ఆమె ఊరికే పోయి తీసుకొచ్చింది. మూడో వారానికి రెండో జట్టు మాతో సమానంగా నింపింది. ఆ నెలంతా ఒక్క చెయ్యీ కాలలేదు. ఆర్డరు గడువుకు నాలుగు రోజుల ముందే లారీ ఫ్యాక్టరీ గేటు దాటి తూత్తుకుడి దారి పట్టింది. మేమందరం గేటు బయటికి వచ్చి నిలబడినాం. ఎవరో చప్పట్లు మొదలుపెట్టినారు. నేను ఈల వేసినాను. నాకు ఈల వచ్చని అప్పటిదాకా మా ఆయనకు కూడా తెలియదు.

తర్వాతి వారం మొదలాళి అందరికీ పని కాగితాలు ఇచ్చినాడు. అన్నేళ్లలో మా పేరు ఫ్యాక్టరీ కాగితం మీద అచ్చులో చూడడం అదే మొదలు. దినానికి ఎనిమిది గంటలని అందులో రాసి ఉంది. చదువురాని పెద్దావిడ, "నా పేరు యాడుండాది, చూపియ్యి," అంది. ఆమె వేలు పట్టి ఆ అక్షరాల మీద పెట్టినాను. ఆమె ఆ వేలు చాలాసేపు తియ్యలేదు.

విరుదునగర్‌లో రెండో మీటింగ్ జరిగినప్పుడు మొదలాళి నన్ను తన కారులోనే తీసుకుపోయినాడు. ఈసారి లేచి మాట్లాడింది ఆయనే. గంటలు పెంచితే లాభమని ఒక యజమాని అంటే, "నేనూ అట్లే అనుకున్నా. నా ఫ్యాక్టరీకి వచ్చి చూడు," అన్నాడు. ఆఫీసరమ్మ రాసుకుంటా ఉంది. నేను మొదటి వరసలో, ఫ్యాను కింద, కాలు మీద కాలు వేసుకుని కూర్చుని వింటా ఉన్నాను.