అడ్డాకు మీద బియ్యం

బియ్యం కడిగే ముందు నాలుగు గింజలు నోట్లో వేసుకోవడం నాకు అలవాటు. ఎందుకని కోడలు అడిగితే, పురుగు పట్టిందేమో చూస్తున్నానంటాను. అది అబద్ధం. గింజలు తడుస్తాయో లేదో చూస్తాను. ఇంత ముసలిదాన్నయ్యాక కూడా చూస్తూనే ఉన్నాను.

మాది పొందూరు దగ్గర పల్లె. పత్తి బాగుచేసి, నూలు వడికి బతికే ఇల్లు. కొండపత్తిని ముందు దువ్వాలి. అందుకు మా ఆడవాళ్ల దగ్గర వాలుగ చేప దవడ ఉంటుంది. సన్నటి పళ్లతో దువ్వెనలా ఉంటుంది. దానితో దువ్వితే చెత్త రాలిపోయి, గింజ చుట్టూ పోగులు తిన్నగా లేస్తాయి. తర్వాత గింజ తీస్తాం. పత్తి పని చేసినంతసేపూ నూగు లేస్తుంది, ముక్కులోకీ నోట్లోకీ పోతుంది. కాసేపటికి నాలుక గుడ్డపేలికలా అయిపోతుంది.

ఊళ్లో ఒక పెద్ద రైతు తన మెట్టలో పండిన పత్తిని తన అరుగు మీదే బాగుచేయించేవాడు. దూది మేం వడకాలి. గింజలు వాళ్ల గేదెల కుడితిలోకి పోతాయి. ఆ పనికి ఎప్పుడూ అమ్మ వెళ్లేది. ఆ రోజు అమ్మకు జ్వరం. దవడ నా చేతికిచ్చి నన్ను పంపింది. నాకప్పుడు పదిహేనో పదహారో. అరవైల చివరి రోజులు. కొండల వైపు పోలీసు జీపులు తిరుగుతుండేవి. జీపెక్కించిన మనిషి ఎలా తిరిగొస్తాడో, అసలు వస్తాడో రాడో ఎవరికీ తెలియదు.

ఆ ఇంటి అమ్మగారు తలంటుకోవడానికి వెళుతూ చెవుల కమ్మలు తీసి అరుగు గోడ గూట్లో పెట్టింది. గూటి కిందే పత్తి కుప్ప, కుప్ప పక్కన నేను. ఆమె తిరిగొచ్చేసరికి గూట్లో ఒక్క కమ్మే ఉంది.

ఇల్లంతా గాలించారు. నన్ను లేపి నిలబెట్టి కొంగు దులిపించారు, జడ విప్పించారు. నాకు దాహంగా ఉంది. ఆ ఇంటి నూతిలో మేం చేద వేయకూడదు. వాళ్లెవరైనా పోస్తే దోసిలి పట్టి తాగాలి. రోజూ వంటావిడ పోసేదట. ఆ రోజు ఆమె కూడా వెతుకుతోంది.

అమ్మగారి పెద్దకొడుకు గడపలోంచే అరిచాడు. "ఇలగ దొరకదమ్మా. పేటకెల్లి పోలీసుల్ని తెస్తాను. ఆల్లయితే దీని సేత కక్కిస్తారు."

ఆ మాట మా ఇంటిదాకా పాకింది. అమ్మ జ్వరంతోనే దుప్పటి కప్పుకుని పరిగెత్తుకొచ్చింది. అరుగు కింద మోకాళ్ల మీద పడింది.

"పోలీసులొద్దు బాబూ! ఆడగుంట. అమ్మోరి బియ్యం పెట్టండి. నా పిల్ల తీసిందా నేదా అమ్మోరే సెప్తాది."

అప్పుడు నా గుండె కుదుటపడింది. బియ్యం పెట్టడం మా వైపు పాత ఆచారం. గ్రామదేవత పూజారి మంత్రించిన బియ్యాన్ని అనుమానం ఉన్నవాళ్లందరి నోట్లో వేస్తాడు. నమిలి ఆకు మీద ఉమ్మాలి. తీయనివాడి బియ్యం తడిగా పడుతుంది, తీసినవాడిది పొడిగా పడుతుంది. నేను తీయలేదు, కాబట్టి తడుస్తుంది. అమ్మ ఎంత నమ్మిందో నేనూ అంతే నమ్మాను.

పూజారి వచ్చాడు. కొండ నుంచి దిగే అడ్డాకులు నాలుగు అరుగు మీద పరిచారు. వంటావిడ నమిలింది, తడి. పాలేరు నమిలాడు, తడి. బట్టలకు వచ్చిన చాకలి ముసల్ది తల గోక్కుంది.

"నాకు పల్లే నేవు కదరా నాయనా! దేంతో నవలమంటావు?"

"సప్పరించవే," అన్నాడు పూజారి.

"సప్పరించి మింగెత్తే కమ్మ నా కడుపులో ఉన్నాదనరు కదా?"

అందరూ నవ్వారు. అమ్మగారు కూడా నవ్వింది. ముసల్ది ఉమ్మింది. పాయసంలా పడింది. "సూడండర్రా, నాయంత మంచిది ఊర్లో నేదు," అంది.

ఆ నవ్వు ఆగకముందే నా వంతు వచ్చింది. నమిలాను. గింజలు పళ్ల కింద ఇసకలా కరకరలాడాయి. ఇంకా నమిలాను. నోట్లో ఏమీ ఊరలేదు. ఉమ్మితే ఆకు మీద పొడిగా, తెల్లగా రాలింది. కొంత పెదాలకే అంటుకుని ఉండిపోయింది.

నేను అమ్మ వైపు చూశాను. ఎవరేమనుకున్నా నాకు పట్టలేదు. అమ్మ ఒక్కతే 'నా పిల్ల తీయనేదు' అంటే చాలు. అమ్మ ఆకు వైపే చూస్తోంది. నా మొహం వైపు చూడలేదు.

దేవతే చెప్పేసింది కాబట్టి ఇక పోలీసులెందుకన్నారు. అంటే అమ్మ అనుకున్నది జరిగింది, నేను జీపెక్కలేదు. మమ్మల్ని మాత్రం ఆ అరుగెక్కొద్దన్నారు. ఊళ్లో నాకు 'పొడిబియ్యం' అని పేరు పడింది. నూతి దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి చెవులు తడుముకునేవాళ్లు, కమ్మలున్నాయో లేవోనని. కొందరు వేళాకోళానికి, కొందరు నిజంగానే.

ఇంట్లో అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. తిట్టినా బాగుండేది. పక్కన కూర్చుని మెల్లగా అడిగేది.

"ఎక్కడెట్టినావే? నాకొక్కదానికి సెప్పు. ఎవులికీ సెప్పను."

"నాను తీయనేదమ్మా."

"మరి బియ్యం?"

కొన్నాళ్లకు నా మీద నాకే అనుమానం వచ్చింది. తెలియకుండా తీశానేమో. తీసి మరిచిపోయానేమో. కలలో నా గుప్పిట్లో కమ్మ ఉండేది. లేచి గుప్పిట విప్పి చూసుకునేదాన్ని. ఎవరూ లేనప్పుడు కుండలోంచి బియ్యం తీసి నమిలి అరచేతిలో ఉమ్ముకునేదాన్ని. ఎప్పుడూ తడిగానే వచ్చేది. ఒక్కసారి మాత్రం పొడిగా వచ్చింది. ఆ రోజు నేను అన్నం ముట్టలేదు.

ఎండాకాలంలో కమ్మ దొరికింది. పాలేరు కుడితి గోలెం కడుగుతుంటే అడుగున బురదలో తళుక్కుమందట. గూట్లోంచి జారి పత్తిలో పడి ఉంటుంది. నన్ను లేపినప్పుడు కుప్ప చెదిరి, గింజల గంపలోకి పోయి ఉంటుంది. గింజలతో పాటు గోలెంలోకి. ఇందులో పెద్ద మర్మమేమీ లేదు.

అమ్మగారు అమ్మకు కబురు పెట్టింది. అమ్మ వెళ్లి వచ్చేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను. నెత్తి మీంచి బండరాయి దించినట్టుంది. అమ్మ వస్తుంది, నన్ను దగ్గరికి తీసుకుంటుంది అనుకున్నాను.

అమ్మ వచ్చి కాళ్లు కడుక్కుంది. "దొరికిందంట," అంది.

"మరి? నాను సెప్పనేదేటి?"

అమ్మ చెంబు కింద పెట్టింది. "నువ్వే బెదిరిపోయి గోలెంలో పడేసినావంటన్నారు."

"నువ్వేటంటావు?"

"నానేటంటానే? దొరికింది, సరే. మరి బియ్యమెందుకు తడవనేదే?"

ఆ రోజు నోరెందుకు ఎండిందో నాకప్పుడే తట్టింది. నూగు సంగతీ దాహం సంగతీ చెప్పాను. ఎవరూ నీళ్లు పోయలేదన్నాను. అమ్మ కింద పెట్టిన చెంబు తీసుకుంది.

"నోరెండిపోయిందని అమ్మోరు అబద్దమాడతాదేటే?" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత అమ్మ మళ్లీ అడగలేదు, నేనూ ఎత్తలేదు. నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, యాభై దాటాక అక్షరాలు దిద్దాను. అమ్మ సంగతి అక్షరాలు రాకముందే అర్థమైంది. బియ్యం పెట్టమని అడిగింది అమ్మే. బియ్యం అబద్ధమైతే, ఊరందరి ముందూ నన్ను దొంగగా నిలబెట్టింది అమ్మే అవుతుంది. అది మోయలేక నన్నే దొంగగా ఉంచుకుంది. అర్థమైతే మాత్రం ఏం? నొప్పి తగ్గలేదు.

అమ్మ పెద్దతనంలో నా ఇంట్లోనే పోయింది. మా వాళ్లలో పోయినవాళ్ల నోట్లో నాలుగు బియ్యం గింజలు వేస్తారు. అందరూ వేశాక నేను వంగాను. వేశాను. అప్పుడు చూశాను. గింజలు పెదాల మీద, పళ్ల సందున, తెల్లగా, పొడిగా.

"నీల్లు తెండి!" అని అరిచాను.

"ఇప్పుడెందుకే నీల్లు? తానం సేయించేసినాం కదా," అంది మా పెద్దమ్మ.

"తెమ్మన్నానా!"

ఎవరో చెంబు అందించారు. దోసిట్లోకి వంపుకుని అమ్మ నోటి మీద పోశాను. అవి తడిసేదాకా పోశాను.