మిషను అయ్యేదాకా పథ్యం

కరోనా తగ్గిన రెండో ఏడు, వానలు వెనకబట్టాక, నాకు అరకు డ్యూటీ పడింది. అప్పటికి నేను విశాఖలో యూరాలజీ విభాగంలో సీనియర్ కన్సల్టెంటుని. వారానికొకసారి, సంత రోజున, అక్కడి ఒక చిన్న ట్రస్టు ఆసుపత్రిలో ఓపీ చూడాలి. రిటైర్మెంటు దగ్గరపడ్డవాడికి కొండగాలి మంచిదని మా సూపరింటెండెంటు సెలవిచ్చాడు. అసలు సంగతి, ఘాట్ రోడ్డు అనగానే జూనియర్లందరికీ వాంతులు గుర్తొచ్చాయి.

ఆ ఆసుపత్రికి ఎవరో దాత కొత్తగా షాక్ వేవ్ యంత్రం ఇచ్చారు. అంగస్తంభన సరిగా లేని మగవాళ్లకు వాడతారు. షాక్ అన్నమాటే గానీ అందులో కరెంటు తగలడం ఉండదు. జెల్లు రాసి, గొట్టంలాంటి పరికరం ఆనిస్తే లోపలికి సన్నటి ఒత్తిడి అలలు వెళ్తాయి. టకటకమని చప్పుడు, కాస్త చురుకు, అంతే. రక్తప్రసరణ మెరుగుపడుతుందని ఆశ. అందరికీ పనిచేస్తుందని నేనెన్నడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

అక్కడ నాకు మొదట దొరికిన పేషెంటు అప్పలనాయుడు. సాలూరు నుంచి వచ్చి అరకు బజార్లో కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. నలభై దాటాయి. మొదటి భార్య పోయిన చాలా ఏళ్లకు, ఆ మధ్యనే పైడమ్మను రెండో పెళ్లి చేసుకున్నాడు. వచ్చి నడుంనొప్పి అన్నాడు. ఆ ప్రాంతంలో మగవాడు తలుపు గడియ వేసి మరీ నడుంనొప్పి అన్నాడంటే అది నడుం కాదని నర్సులకు కూడా తెలుసు. షుగరు, బీపీ, గుండె అన్నీ చూశాను. షుగరు కొంచెం ఎక్కువుంది, తక్కినవి బాగున్నాయి.

ఇంకేమైనా మందు వాడుతున్నావా అని అడిగాను. దిసారి గాసన్న దగ్గర వేరుమందు తింటున్నానన్నాడు. దిసారి అంటే ఆ గూడేల్లో ముహూర్తాలు చూసే పెద్ద, మందూ ఆయనే ఇస్తాడు. ఈ జబ్బుకి బజార్లో అమ్మే పొడి పొట్లాలంటే నాకు భయం. వాటిలో ఇంగ్లీషు మాత్రలు నూరి కలిపేవాళ్లుంటారు, గుండెజబ్బు మాత్రలు వేసుకునేవాడికి అది ప్రాణం మీదికొస్తుంది. అందుకని మందు తెప్పించి చూశాను. నేలతాడి గడ్డ, తేనె. గడ్డ ఇంకా మట్టివాసన వేస్తోంది. ఇతనికి గుండెజబ్బు మాత్రలూ లేవు. సరే, అదీ ఇదీ కలిపి చూద్దాం అనుకున్నాను. రెండు వైద్యాలూ కలిస్తే ఎలా ఉంటుందో తెలుసుకోవాలని నాకూ సరదాగానే ఉంది. 'ఆయన చెప్పినట్టే మందు వాడు, పథ్యం తప్పకు' అని పెద్దమనిషి తరహాలో చెప్పి పంపాను.

ఆ ఒక్కమాటతో కొంప ముంచాను.

ప్రతి వారం వచ్చేవాడు, బల్ల మీద పడుకునేవాడు, టకటకలు అయ్యాక లుంగీ సర్దుకుని కూర్చునేవాడు. నేను గొంతు తగ్గించి, 'ఏమైనా జరిగిందా?' అని అడిగేవాణ్ణి. మా వృత్తిలో మర్యాదకు అలా అడుగుతాం.

'ఏటీ జరగనేదు బాబూ, ఒట్టు,' అనేవాడు, ఛాతీ విరుచుకుని.

తెల్లవారుజామున నిద్రలేచేటప్పుడు ఏమైనా తేడా తెలుస్తోందా అనీ అడిగాను. ఆ ప్రశ్న తప్పనిసరి, ఎందుకంటే నరాలు, రక్తనాళాలు బాగున్నాయో లేదో అక్కడ తెలిసిపోతుంది. 'అలాటి బుద్దులు నాకు నేవు బాబూ,' అన్నాడు. పాపం, ఎంత నిబ్బరం అనుకున్నాను. ఫలితం లేదు గనక మరో కోర్సు రాశాను. అదీ అయ్యాక ఇంకోటి.

చలి ముదిరిన ఒక సంత రోజున తలుపు తోసుకుని పైడమ్మ లోపలికొచ్చింది. చంకలో బట్టల సంచి. మొగుడు బల్ల మీద ఉన్నాడు, దుప్పటి లాక్కునే వ్యవధి కూడా ఇవ్వలేదు.

'డాక్టరు బాబూ, ఈ మనిసి కొట్లో బియ్యం బస్తాల మీద తొంగుంటన్నాడు. అడిగితే నోరిప్పడు. ఇంకో కాపురం ఏటైనా ఉందా, నా మొకం నచ్చనేదా? సాలూరు బస్సుకి టైమయింది. బేగి సెప్పండి, ఎక్కేత్తాను.'

ఆమె చూపు కిటికీలోంచి బస్సు రోడ్డు వైపే ఉంది. నిజంగానే వెళ్లిపోయేట్టుంది. అప్పలనాయుడు మొహం తెల్లబోయింది.

'నీ కోసమే గదే సేత్తన్నాను,' అన్నాడు. 'మందు తిన్నన్నాళ్లూ ఆడమనిసి వాసన తగలకూడదన్నాడు దిసారి. మనసు కూడా కదలకూడదన్నాడు. డాక్టరు బాబు కూడా పథ్యం తప్పొద్దన్నారు. వారం వారం పరీచ్చ పెడతన్నారు, ఏటైనా జరిగిందా అని. ఒక్క వారం కూడా తప్పనేదు నాను.'

నేను పరికరం కింద పెట్టేశాను. పథ్యమంటే నాకు వంకాయ, గోంగూర, ఎండుచేప. నేను గుణం అడుగుతుంటే అతను తన నిగ్రహానికి లెక్క అప్పజెబుతున్నాడు. తెల్లవారుజాము సంగతీ అంతే, పథ్యం చెడిందంటానేమోనని దాచాడు. మెల్లగా మళ్లీ అడిగితే, తల వంచుకుని, 'ఉంటంది బాబూ, బాగానే ఉంటంది. ఆంజనేయసామిని తలుసుకుని అణుసుకుంటన్నాను,' అన్నాడు. పక్కనున్న సిస్టరు గోడవైపు తిరిగింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

గాసన్న సంతలోనే టార్పాలిన్ పరుచుకుని గడ్డలు అమ్ముకుంటున్నాడు. పిలిపించాను. వచ్చి నమస్కారం పెట్టి నేల మీద కూర్చున్నాడు. ఈ పథ్యం ఎప్పుడు విడుస్తుంది పెద్దాయనా అని అడిగాను.

'మందు ఎప్పుడో అయిపోయింది బాబూ. మీ మిషను నడుస్తంది గదా, అది అయ్యేదాకా ఉండమన్నాను. మీ పథ్యం నాను ఎలాగ తప్పిత్తాను?'

నేను మిషను ఆపకపోవడానికి కారణం ఫలితం కనబడకపోవడం. ఫలితం కనబడకపోవడానికి కారణం పథ్యం. పథ్యం విడవకపోవడానికి కారణం నా మిషను. ఇద్దరం ఒకరినొకరం గౌరవించుకుంటూ ఒక కాపురాన్ని బియ్యం బస్తాల మీద పడుకోబెట్టాం.

పైడమ్మ మమ్మల్ని మార్చిమార్చి చూసింది.

'మీరిద్దరూ ఇలాగ ఒకరి మొకం ఒకరు సూసుకుంటా కూకుంటే నాను ముసిల్దాన్నయిపోతాను,' అంది.

నేను వెంటనే కేసు షీటు మీద చికిత్స ముగిసిందని రాసేశాను. గాసన్నకు అంత తేలిక కాదు, పథ్యం విడవడానికి మంచిరోజు కావాలి. వేళ్లు మడిచి లెక్కకట్టి, అమావాస్య దాటాలన్నాడు. పైడమ్మ సంచి ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. ఆయన మళ్లీ మొదటి వేలు నుంచి మడిచి, ఈరోజు కూడా పరవాలేదన్నాడు.

బస్సు వెళ్లిపోయింది. ఆవిడ ఎక్కలేదు.

మరుసటి వారం అప్పలనాయుడు ఓపీకి రాలేదు. మళ్లీ ఏం తేడా వచ్చిందో అనుకున్నాను. పదకొండు దాకా చూసి బజారుకి వెళ్తే, నిండు సంతలో అతని కొట్టు మూసి ఉంది. పక్క టీకొట్టతన్ని అడిగాను. 'వారం బట్టీ ఇదే వరస బాబూ, పన్నెండు దాటితే గానీ తీయట్లేదు,' అన్నాడు, గ్లాసు కడుగుతూ. నేను ఆ బజార్లో నిలబడి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. అంత సంతోషం నా సర్వీసులో ఏ పెద్ద ఆపరేషను చేసినా కలగలేదు.

తర్వాత విశాఖలో మా డాక్టర్ల సమావేశంలో ఈ కేసు చెప్పాను. పనిచేసింది వేరా, మిషనా అని అడిగారు. ఒక్క మనిషి విషయంలో అది తేల్చలేమన్నాను. నాకు తెలిసిందల్లా, రెండూ ఆపిన రోజున గుణం కనబడింది. గాసన్న మాత్రం గడ్డదే గొప్పని సంతంతా చెప్పుకున్నాడు. గిరాకీ పెరిగిందని విన్నాను.

నేను నేర్చుకున్నది చిన్నదే. పేషెంటు బయట ఏ మందు వాడుతున్నాడో అడిగితే చాలదు, ఏది మానుకోమన్నారో కూడా అడగాలి. మందు మొదలుపెట్టే రోజే అది ఎప్పటితో అయిపోతుందో చెప్పాలి. ఈ జబ్బులో ఇంకొకటి. అన్ని వారాలు జరిగిందా లేదా అని ముగ్గురు మగాళ్లం వాకబు చేసుకున్నాం. పైడమ్మను పిలిచి ఒక్కమాట అడిగి ఉంటే మొదటివారమే తేలిపోయేది.