తిరగేసి కుట్టిన పక్కపట్టీ

సహోదరులారా, సహోదరీలారా, నా కొడుకు యోసేపు ఇంటికి వచ్చేటప్పుడు ముందు సారా వాసన వచ్చేది, దాని వెనకాల వాడు వచ్చేవాడు, వాడి తండ్రి ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయిన నాటినుంచీ మా ఇల్లు అలాగే ఉండేది. బెల్లం కొట్ల వెనక సందులో సారా ఎక్కడ దొరుకుతుందో అనకాపల్లిలో పుట్టినవాడికి ఒకరు చెప్పనక్కరలేదు, నా కొడుక్కీ ఎవరూ చెప్పలేదు, తనంతట తానే ఆ దారి పట్టాడు.

మాది తోలు పని చేసే ఇల్లు. నా పెనిమిటి చెప్పులు కుట్టి, సంచులు కుట్టి, కడుపు కట్టుకుని తోలు కుట్టే మిషను ఒకటి కొన్నాడు. దానికి నూనె నేనే వేస్తాను, కారిన చుక్కను గుడ్డతో తుడిచి ఆ గుడ్డనే తలుపు బందులకు రాస్తాను, నూనె ఊరికే రాదు కదా! అంత జాగ్రత్తగా చూసుకునే మిషను ముందు కొడుకు ఊగుతూ కూర్చుంటే చూసే తల్లికి ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

వాడి తాగుడు కన్నా వాడి బొంకు నన్ను ఎక్కువ అలసిపోయేట్టు చేసింది. తాగేనని ఒక్కనాడూ ఒప్పుకోలేదు. కుట్టు వంకర పోతే, "సూది మొద్దయిపోనాదే అమ్మా" అనేవాడు. గుమ్మంలో బోర్లా పడితే, "ఈ గడప ఎత్తయిపోనాదే" అనేవాడు. ఒకసారి నా కోడలు మరియమ్మ, "అవునత్తా, మన గడప సాయంత్రమయ్యీసరికి పెరుగుతాది, తెల్లారీసరికి తగ్గిపోతాది" అంది. నాకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది.

స్త్రీల కూటంలో వాడికోసం ప్రభువును అడిగాను, ఉపవాసం ఉండి అడిగాను, పొయ్యి ఊదుతూ అడిగాను. ఏమీ జరగలేదు. అడగడం కూడా ఒక చాకిరీ అయిపోయింది, సహోదరులారా, మీ దగ్గర దాచడమెందుకు?

ఇలా ఉండగా యుద్ధం వచ్చి మంచి తోలంతా పల్టను బూట్లకు పోవడం మొదలైంది. మాకు తోలు ఇచ్చేది మస్తాను సాయిబుగారు. ఆయన ఎలాగో ఒక మేలైన తోలు సంపాదించి మా ఇంటికి తెచ్చాడు. ప్లీడరుగారు ఒకరు కాగితాలు పెట్టుకుని కోర్టుకు పట్టుకెళ్ళే బ్యాగు అడిగారట, మూత, పిడి, ఇత్తడి తాళం ఉండాలట. "యోసేపూ, ఇది మిషను మీద సరిగ్గా కుట్టేవా, పని నీదే. పాడు సేసేవా, నీ గుమ్మంలోకి ఇంక తోలు రాదు" అని చెప్పి వెళ్ళాడు. ఆ తోలు రాకపోతే మా పొయ్యి వెలగదు.

వాడు ఒళ్ళు తెలిసి ఉన్న పూట బాగానే కోశాడు. మైదా జిగురు నేను కాచాను, దారానికి మైనం మరియమ్మ పట్టింది. ముందు పలక, వెనక పలక, వాటి మధ్య మూడు వైపులా చుట్టివచ్చే పక్కపట్టీ, ఈ పట్టీయే బ్యాగుకు పొట్ట. మందం తోలు గనుక మిషను కాలితో తొక్కకూడదు, చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కొక్క కుట్టూ వేయాలి. వాడు మధ్యాహ్నం బయటికి వెళ్ళి వచ్చి, నేను చెరువు దగ్గర బట్టలు ఉతికి వచ్చేలోపు, ఆ పట్టీని మొత్తం కుట్టేశాడు. తిరగేసి కుట్టాడు! గరుకు వైపు బయటికి, నున్నటి వైపు లోపలికి!

గుడ్డయితే విప్పి కుట్టుకోవచ్చు. తోలు మీద సూది దిగితే ఆ బెజ్జం పూడదు. దాని పక్కనే మిషనుతో రెండో వరస వేస్తే తపాలా బిళ్ళ చిరిగినట్టు చిరిగిపోతుంది. పోనీ పాత బెజ్జాల్లోనే కుడదామంటే మిషను సూదికి కళ్ళు లేవు.

మర్నాడు పొద్దున్న వాడు దాన్ని చూసి, "పట్టీ దానంతటదే తిరగబడిపోనాదే" అన్నాడు.

నేను తిట్టలేదు. తిట్టే ఓపిక లేదు. మిషను పక్కన కూలబడి ప్రార్థన చేశాను, అది ప్రార్థనో తగాదాయో ఆయనకే తెలియాలి. "ప్రభువా, నానింక అడగనేను. అడిగి అడిగి నోరెండిపోనాది. ఈడిని నువ్వే సూసుకో. నాను తోలు సూసుకుంతాను."

లేచి కుట్లన్నీ విప్పించాను. పట్టీని సరిగ్గా తిప్పి, ఉన్న బెజ్జాల్లోనే చేత్తో కుట్టాలి, మా మామగారు చెప్పులు కుట్టినట్టు, ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు, ఒకే బెజ్జంలోంచి ఇటొకటి అటొకటి. నాకు చూపు మసక, బెజ్జం కనపడదు. వాడికి కనపడుతుంది గాని చెయ్యి వణుకుతుంది. అందుకని వాడు తోలు పొడిచే ఆరెతో బెజ్జం పట్టి చూపించాలి, నేను సూది దించాలి, అవతలివైపు వాడు లాగాలి. ఒక్క బెజ్జం తప్పినా చివరికి పట్టీ వంకర తిరుగుతుంది.

మా ఇళ్ళల్లో పెద్దల కట్టడి ఒకటుంది. ఒక దారం మీద ఇద్దరు కూర్చున్నాక, ఆ దారం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు, లేస్తే కుట్టు వదులైపోతుంది. జానెడు దారం పారేయని దాన్ని నేను, అలాంటిది ఆ రోజుల్లో పొద్దు వాలేసరికి, వాడి కాళ్ళు సందువైపు లాగే వేళకు, బారెడేసి కొత్త దారం ఎక్కించేదాన్ని.

"అమ్మా, ఇప్పుడే వచ్చెత్తాను."

"దారం ఉంది. కూకో."

"ఒక్క సుక్కే! సచ్చిపోతన్నానే!"

"దారం అయ్యేక సద్దువుగాని. కూకో."

వాడికి చెమటలు పట్టాయి, జ్వరం కాసింది, తిన్నది కక్కాడు. మరియమ్మ తల తుడిచి మజ్జిగ పట్టేది. మళ్ళీ కూర్చునేవాళ్ళం. నా నడుము విరిగిపోయింది, వేళ్ళు చీరుకుపోయాయి. ఇంక అడగనని ప్రభువుతో అన్నాను కదా, అయినా సూది దించిన ప్రతిసారీ నా పెదవులు కదులుతూనే ఉన్నాయట, నాకు తెలియలేదు. వాడు విన్నాడు. ఆరె కింద పెట్టి, "అమ్మా, లోలోపల గొణక్కు. గట్టిగా అను, నానూ అంతాను" అన్నాడు.

"ప్రభువా, ఈ బెజ్జం దాటించు" అన్నాను.

"ప్రభువా, ఈ బెజ్జం దాటించు" అన్నాడు నా కొడుకు.

అలా ఒక్కొక్క బెజ్జమూ దాటాము, సహోదరులారా! ఆకాశం తెరుచుకోలేదు, స్వరమేదీ వినపడలేదు, మైనం దారం తోలులోంచి వచ్చే కిర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. పక్కలు పూర్తయ్యేసరికి వాడి వణుకు తగ్గింది. మూత అంచు మాత్రం మిషను మీద కుట్టాలి, బ్యాగుకు ముఖం అదే, ఎవరు చూసినా ముందు చూసేది అదే. వాడు చక్రం మీద చెయ్యి వేశాడు, నేను చూడలేక పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను. మరియమ్మ వచ్చి, "అత్తా, గీత గీసినట్టు వచ్చింది" అంది. నేను అక్కడే, ఆ ఎండలోనే కూర్చుండిపోయాను.

బ్యాగు పట్టుకుని తల్లీ కొడుకులం సాయిబుగారి కొట్టుకు వెళ్ళాము. ఆయన తాళం నొక్కి చూశాడు, మూత చూశాడు, తర్వాత పక్కల మీద వేలు పెట్టి ఆగిపోయాడు. "పక్కలు సేత్తో కుట్టేరేటి, పెద్దమ్మా? మిషను కుట్టే కావాలని గదా సెప్పేను."

సూది విరిగిందని చెబుదామా అని నోరు తెరిచాను. నా కంటే ముందు నా కొడుకే అన్నాడు. "తాగి కుట్టేను, సాయిబుగారూ. పట్టీ తిరగేసి కుట్టేను. ఇప్పి, మా అమ్మా నానూ సేత్తో కుట్టేం."

సాయిబుగారు రెండు చేతులతో కుట్టు పట్టి గట్టిగా లాగి చూశాడు. దారం కదలలేదు. బ్యాగు బల్లమీద పెట్టి, "రేపొచ్చి ఇంకో తోలు అట్టుకెళ్ళు" అన్నాడు.

పని దొరికిందని నేను సంతోషించాను, అబద్ధమాడను. కాని దారి పొడుగునా నేను ఏడ్చింది దానికి కాదు. 'తాగేను' అన్న ఆ ఒక్క మాటను ఇన్నేళ్ళూ నేను తిట్టి, కొట్టి, బతిమాలి కూడా వాడి నోట పలికించలేకపోయాను. ఆ మాట పలికించినది నా దేవుడు, ఆయనకే మహిమ!

ఆనాటినుంచి వాడు ముట్టలేదు. కష్టమైన సాయంకాలాలు ఇంకా వస్తాయి, అప్పుడు వాడే దారం తీసి నా ముందు కూర్చుంటాడు. తాగేవాడు ఇంట్లో ఉన్న తల్లులారా, భార్యలారా, అడిగి అడిగి అలసిపోతే, అలసిపోయామనే ఆయనతో చెప్పండి, ఆయన కోపగించడు. మీ చేతిలో ఉన్న పని దగ్గర వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకోండి. ముసలిదాన్ని, పెద్ద చదువు లేనిదాన్ని, నేను నమ్మాను, మీరూ నమ్మండి. మీ ఇళ్ళల్లో కూడా నిజం మాట్లాడే నోళ్ళను ప్రభువు తెరుచును గాక.