కర్పూరం ఆర్పని సర్వేయరు

చిక్కబళ్ళాపుర జిల్లా అయిన కొన్నేళ్ళకు నన్ను చింతామణి నుంచి బాగేపల్లి తాలూకాకు సర్వేయరుగా బదిలీ చేశారు. అంతకు ఏడాది ముందే బాప్తిస్మం తీసుకున్నాను. శెట్ల ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఆదివారం ప్రార్థనకు వెళ్ళి, సోమవారం ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఆ పిరికితనం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పాతపాళ్య వైపు ఒక ఊళ్ళో హద్దుబస్తు పని పడింది. రికార్డు ప్రకారం పొలం గట్టు ఎక్కడుండాలో చూపించడమే హద్దుబస్తు. పక్క రైతులకు నోటీసు ఇచ్చి, టిప్పణి అనే పాత కొలతల పటం దగ్గర పెట్టుకుని, నాటిన రాయి నుంచి గొలుసుతో కొలవాలి. చివర మహజరు అనే పంచనామా రాసి అందరి సంతకాలూ తీసుకోవాలి. నా కొలత ప్రకారం నరసమ్మ అనే ఒంటరి రైతు బోరు, పక్క రైతు వెంకటరాయప్ప పొలంలోకి పోయింది. ఆమె పైరుకు వేరే నీళ్ళు లేవు.

ఆమె మహజరు మీద ముద్ర వేయనంది. ఆ ఊళ్ళో తగువు తెగకపోతే గుడి ముందు కర్పూరం వెలిగిస్తారు. తన మాట నిజమన్నవాడు దాన్ని చేత్తో ఆర్పాలి. ఆర్పాడంటే ఇక ఎవరూ నోరెత్తరు. బాప్తిస్మానికి ముందు కొన్ని ఊళ్ళలో నేనూ అలా ఆర్పి, మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చినవాణ్ణే.

"నీ కొలత నిజమైతే కర్పూరం ఆర్పప్పా. మారు మాట్లాడకుండా ఏలుముద్ర ఏస్తా" అంది నరసమ్మ.

కొలత సరైనదేనని నాకు గట్టి నమ్మకం. కానీ ఒట్టు పెట్టుకోవద్దన్నది యేసు నేర్పిన మాట. అందరి ముందూ చెప్పేశాను. "నేను యేసుసామి శిష్యుణ్ణమ్మా. ఒట్టు పెట్టను. మళ్ళా కొలుస్తా, గొలుసు కొస నువ్వే పట్టుకో."

వెంకటరాయప్ప మండిపడ్డాడు. "ఇదేం మాట సార్? కొలత నీదే, ఎనక్కి పోతాండేదీ నువ్వే!" గుంపులో నవ్వులు లేచాయి. నేను గొలుసు చేతికి తీసుకున్నాను.

మొదటిసారి బాట పక్క రాయి నుంచి కొలిచాను. ఈసారి అవతలి మూల రాయి నుంచి మొదలుపెట్టాను. నిజానికి రెండు రాళ్ళ నుంచీ సరిచూడాలన్నది నియమం. మొదటిసారి తొందరలో అది మానేశాను. ఆరడుగుల తేడా వచ్చింది. బాట వెడల్పు చేసినప్పుడు దాని పక్క రాయిని జరిపి నాటారని టిప్పణితో పోల్చి చూస్తే బయటపడింది. బోరు నరసమ్మదే.

మహజరులో తప్పు నాదేనని రాశాను. రెండోసారి ఎందుకు కొలిచానో కూడా, యేసు శిష్యుణ్ణి కాబట్టి ప్రమాణం చేయలేదని, నా చేత్తోనే రాశాను. పైఅధికారి సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. దాంతో నేనెవరో ఆఫీసంతటికీ తెలిసిపోయింది. కొందరు నాతో టీ తాగడం మానేశారు. నేను మాత్రం ప్రార్థన మానలేదు.

ఆ రోజు కర్పూరం ఆర్పి ఉంటే, నిజమని నమ్మే ఆర్పేవాణ్ణి. ఆమె ముద్ర వేసేది, బోరు పోయేది. అంతకు ముందు నేను ఆర్పి వచ్చిన ఊళ్ళలో ఎన్ని గట్లు తప్పుగా నిలిచాయో నాకిప్పటికీ తెలియదు.